ఆరోగ్యశ్రీలో వాల్వ్ మార్పించుకున్నాక పేదింట్లో ఎక్కడ తేడా కొడుతుంది

మీరడిగింది ఇదీ: మార్కాపురం పక్క ఊళ్లో ఉండే మీ చెల్లెలికి 24 ఏళ్లు. చిన్నప్పటి కీళ్లవాతం జ్వరంతో గుండెలో ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ పాడైపోతే మూడు వారాల కిందట గుంటూరులో ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) పథకం కింద ఉచితంగా మెటల్ వాల్వ్ వేశారు. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. కానీ అదే ఊళ్లో ఇదే ఆపరేషన్ చేయించుకున్న ఇద్దరు రెండేళ్లు తిరక్కుండానే పోయారు. డబ్బున్నవాళ్లకు ఇరవై, ముప్ఫై ఏళ్లు పనిచేసే వాల్వ్ మాలాంటి వాళ్లకెందుకు పనిచేయదు, పథకం కింద నాసిరకం వాల్వ్ వేస్తారా అని మీ అనుమానం.

వాల్వ్ నాసిరకం కాదు. ఉచిత ఆపరేషన్లలో తరచు వేసే చిత్ర వాల్వ్‌నే తీసుకోండి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ రూపొందించిన ఈ వాల్వ్‌ను 1990 డిసెంబరు నుంచి మనుషులకు అమరుస్తున్నారు. విదేశీ వాల్వ్‌ల కన్నా చవక, అంతమాత్రాన నాసి అనుకోనక్కర్లేదు. ఏ కంపెనీదైనా మెటల్ వాల్వ్ దానంతటది అరిగిపోవడం చాలా అరుదు. దాని మీద రక్తం గడ్డకట్టడం, గడ్డకట్టకుండా వేసే మందు ఎక్కువై లోపల రక్తం కారడం, వాల్వ్‌కు ఇన్ఫెక్షన్ పట్టడం, ఎక్కువగా ఈ మూడింటి వల్లే ప్రాణం మీదికి వస్తుంది. మూడూ ఇంటి దగ్గర, నెలల తరబడి, చిన్న చిన్న లోపాలతో మొదలయ్యేవే. పేదరికం పనిచేసేది అక్కడ.

ఇది ఊహ కాదు. కీళ్లవాతం గుండెజబ్బు మీద రెమెడీ అనే పెద్ద అధ్యయనం జరిగింది. ఆఫ్రికా దేశాలతో పాటు భారత్, యెమెన్ కూడా అందులో ఉన్నాయి, మొత్తం 3,343 మంది రోగులు. రెండేళ్లలో వాళ్లలో 16.9 శాతం మంది చనిపోయారు, అదీ ఎక్కువమంది ముప్ఫై ఏళ్లయినా నిండకుండా. రక్తం పలచబరిచే మాత్ర వాడుతున్నవాళ్లలో మూడో వంతు మందికి కూడా రక్తపరీక్ష ఉండాల్సిన హద్దులో లేదు. ప్రాథమిక స్థాయి దాటి చదువుకున్నవాళ్లలో చావులు తక్కువ. చదువుకీ గుండెకీ ఏమిటి సంబంధం అనిపిస్తుంది. మందుచీటీ ఎలా ఉంటుందో చూస్తే అర్థమవుతుంది, ఆ సంగతి కింద చెబుతాను.

ఇంకో నష్టం ఆపరేషన్‌కు ముందే జరిగిపోయి ఉంటుంది. ఆయాసం మొదలైన ఏడాదికో రెండేళ్లకో ఆసుపత్రికి వస్తే, మైట్రల్ వాల్వ్ కేవలం ఇరుకైన కేసుల్లో తొడ దగ్గర రక్తనాళం గుండా బెలూన్ పంపి వెడల్పు చేస్తే సరిపోవచ్చు. ఎదురొమ్ము కోయనక్కర్లేదు, మెటల్ వాల్వ్ అసలే అక్కర్లేదు. ‘గ్యాసు’ అని, ‘రక్తం తక్కువ’ అని, ‘ఉబ్బసం’ అని ఆర్‌ఎంపీ దగ్గర నాలుగైదేళ్లు గడిచాక వస్తే వాల్వ్ సున్నంలా గట్టిపడి ఉంటుంది, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి ఉంటుంది, గుండె లయ తప్పి ఉంటుంది. అప్పుడు ఎంత మంచి సర్జన్ చేసినా ఫలితం కొంత తగ్గే ఉంటుంది. ఆ ఊళ్లో పోయిన ఇద్దరిలో ఎవరైనా ఈ కోవకు చెందినవాళ్లేమో. మీ చెల్లెలి డిశ్చార్జి సమ్మరీలో ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు ఉంటుంది. గుండె పంపింగ్ శాతం, ఊపిరితిత్తుల ప్రెషరు, లయ తప్పిందా లేదా అనే మూడు సంగతులు డాక్టరు గారిని అడిగి తెలుసుకోండి.

ఇక అసలు విషయం, ఐఎన్‌ఆర్. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే అంకె ఇది. మందు వేసుకోని ఆరోగ్యవంతుడికి దాదాపు 1 ఉంటుంది. మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని అయోర్టిక్ స్థానంలో అయితే, వేరే చిక్కులు లేకుంటే, 2 నుంచి 3. రెండు కన్నా కిందికి జారి కొన్నాళ్లు అలాగే ఉంటే వాల్వ్ బిళ్ల కదిలే చోట గడ్డ పేరుకుని బిళ్ల ఇరుక్కుపోవచ్చు, లేదా ఆ గడ్డ ముక్క మెదడుకు పోయి పక్షవాతం రావచ్చు. నాలుగున్నర, ఐదు దాటే కొద్దీ కడుపులోనో మెదడులోనో రక్తం కారే ప్రమాదం. మీ చెల్లెలికి ఏ హద్దు పెట్టారో చీటీ మీద రాయించుకోండి. చాలా చీటీల్లో ఆ ఒక్క ముక్కే ఉండదు.

ఈ అంకె ఒక గొలుసు. ఎక్కడ లంకె తెగినా మొత్తం తప్పుతుంది.

మొదటి లంకె రక్తం తీసే ట్యూబు. ఐఎన్‌ఆర్‌కు లేత నీలం మూత ట్యూబు వాడతారు. గడ్డకట్టకుండా ఆపే సిట్రేటు ద్రవం అందులో ముందే ఉంటుంది. ద్రవం ఒక వంతుకు రక్తం తొమ్మిది వంతులు పడాలి. ట్యూబు మీద గీత ఉంటుంది, రక్తం ఆ గీత దాకా రావాలి. నరం సరిగా దొరక్క సగానికే తీసి ‘చాల్లే’ అంటే సిట్రేటు పాలు ఎక్కువై ఐఎన్‌ఆర్ ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది. ఆ దొంగ అంకె చూసి డాక్టరు మందు తగ్గిస్తాడు, అసలు ఐఎన్‌ఆర్ ఇంకా పడిపోతుంది, వాల్వ్ మీద గడ్డ కడుతుంది. ఎవరి తప్పూ పైకి కనబడదు. కాబట్టి గీత దాకా వచ్చిందో లేదో మీరే చూడండి, రాకపోతే మళ్లీ తీయమనండి. మొహమాటం వద్దు.

రెండోది రిపోర్టు. చిన్న ల్యాబుల్లో ‘పీటీ (గడ్డకట్టే సమయం) 28 సెకన్లు’ అని మాత్రమే రాసిస్తుంటారు. సెకన్లు ల్యాబు వాడే రసాయనాన్ని బట్టి మారతాయి, వాటితో పని జరగదు. ఐఎన్‌ఆర్ అంకె వేసి ఇమ్మనాలి. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయిస్తే మంచిది.

మూడోది దూరం. టెస్టు కోసం ప్రతిసారీ గుంటూరు వెళ్లాలంటే ఎన్నాళ్లు వెళ్తారు? స్త్రీశక్తి పథకం వచ్చాక, అంటే 2025 ఆగస్టు 15 నుంచి, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆమెకు టికెట్టు లేదు. తోడు వచ్చే మగమనిషికి టికెట్టు ఉంది, ఇద్దరి కూలీ పోతుంది, తిండి ఖర్చు ఉంది. రెండు నెలలు వెళ్తారు, మూడో నెల ‘బాగానే ఉంది కదా’ అని ఆగిపోతారు. ఇక్కడ బద్ధకం ఏమీ లేదు, లెక్క కుదరక ఆగుతారు. అందుకని రక్తపరీక్షనూ డాక్టరునూ విడదీయండి. ఐఎన్‌ఆర్ మార్కాపురంలోనే చేయించండి. ముందు ప్రభుత్వాసుపత్రి ల్యాబులో అడగండి, అక్కడ కాకపోతే ప్రైవేటులో సుమారు రెండొందల నుంచి నాలుగొందలు అవుతుంది. ఆపరేషన్ చేసిన విభాగంలో డ్యూటీ డాక్టరుదో, ఫిజీషియన్ అసిస్టెంటుదో, వార్డు సిస్టరుదో ఫోను నంబరు తీసుకుని, రిపోర్టూ ప్రస్తుతం వేసుకుంటున్న డోసూ వాట్సాప్‌లో పంపి, ఎంత వేసుకోవాలో అదే రోజు తెలుసుకోండి. గుంటూరు ప్రయాణం వాళ్లు ఎకోకు రమ్మన్నప్పుడు చాలు.

ఎన్నాళ్లకోసారి? మూడో వారంలో ఉంది కాబట్టి ఇప్పుడు వారానికోసారి. వరసగా రెండు మూడుసార్లు హద్దులో వస్తే రెండు వారాలకు, అప్పటికీ నిలకడగా ఉంటే నాలుగు వారాలకు. డోసు మారినా, కొత్త మందు మొదలైనా ఆపినా, జ్వరం, విరేచనాలు, తిండి సరిగా పోకపోవడం లాంటివి వచ్చినా మూడు నాలుగు రోజుల్లో అదనంగా ఒక టెస్టు.

నాలుగోది చీటీ. రక్తం పలచబరిచే మాత్రగా మన దగ్గర ఎక్కువమందికి ఎసిట్రోమ్ రాస్తారు, కొందరికి వార్ఫ్ (వార్ఫరిన్). ఎసిట్రోమ్ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. ఉదాహరణకు రోజూ 2 చొప్పున వేసుకుంటే వారానికి 14 మి.గ్రా. ఐఎన్‌ఆర్ 2.2 వచ్చిందనుకోండి, సాధారణంగా వారం మొత్తం మీద ఐదు నుంచి పదిహేను శాతం పెంచుతారు. అంటే వారంలో ఒకటో రెండో రోజులు 3 మి.గ్రా., మిగతా రోజులు 2. చీటీ మీద అది ఇంగ్లిషులో రెండు అంకెలు, మధ్యలో ఒక గీత, పక్కన పొడి అక్షరాల్లో వారాల పేర్లుగా పడుతుంది. ‘2/3’ అని రాస్తే ఒకరు రోజు మార్చి రోజు అనుకుంటారు, ఒకరు రెండో మూడో మన ఇష్టం అనుకుంటారు, ఇంకొకరు రెండూ కలిపి 5 మి.గ్రా. వేసేస్తారు. పైన చదువు లెక్క అన్నది ఇందుకే. దీనికి మందు గోడ క్యాలెండరు. మీ ఇంట్లో వేలాడే తెలుగు క్యాలెండర్లో ప్రతి తేదీ గడిలో ఆ రాత్రి వేయాల్సిన మిల్లీగ్రాములు పెన్నుతో రాసేయండి, నెల మొత్తానికి. వేసుకున్నాక టిక్కు. టెస్టు తేదీకి సున్నా చుట్టండి. చదువు రాని అత్తగారైనా టిక్కు పడిందో లేదో చూడగలదు.

మాత్ర సాయంత్రం ఏడు, ఎనిమిది గంటల వేళ, రోజూ ఒకే సమయానికి. పొద్దున రక్తం ఇస్తే ఆ రాత్రి డోసే మార్చుకోవచ్చని సాయంత్రం పెడతారు. మర్చిపోయి పడుకునేలోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే రెండు కలిపి వేయకూడదు, క్యాలెండర్లో అడ్డగీత గీసి డాక్టరుకు చెప్పాలి. ఎసిట్రోమ్ ప్రభావం వార్ఫ్ కన్నా త్వరగా దిగిపోతుంది, రెండు మూడు రోజులు మానేస్తే ఐఎన్‌ఆర్ బాగా పడిపోతుంది. మిరపకోతలకు వలస వెళ్లేవాళ్లలో ఇది మామూలు. నెలకు వెళ్తూ పది మాత్రలు పట్టుకెళ్తారు, అక్కడి షాపులో దొరకదు. వలస వెళ్లే ఇల్లయితే నెలన్నర మాత్రలు, చీటీ జిరాక్సు వెంట ఉండాల్సిందే.

ఐదోది మందుల షాపు. కత్తెరతో స్ట్రిప్ కోసి పది మాత్రలిస్తే మిల్లీగ్రాములు రాసిన భాగం అవతలే ఉండిపోతుంది. 2 బదులు 4 ఇచ్చినా ఇంట్లో తెలియదు. పూర్తి స్ట్రిప్పే కొనండి, బిల్లు తీసుకోండి. ఎసిట్రోమ్ లేదని ‘ఇదీ అదే పని చేస్తుంది’ అంటూ వార్ఫ్ ఇస్తే తీసుకోవద్దు. మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము లెక్క వేరు, ఎసిట్రోమ్ డోసు సుమారు వార్ఫ్‌లో సగం ఉంటుంది. ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) కూడా ‘రక్తం పలచన మాత్రే’ అంటారు, అదొక్కటే వేస్తే మెటల్ వాల్వ్‌కు రక్షణ లేదు. రక్తపరీక్ష అక్కర్లేని కొత్త మందులున్నాయని పట్నంలో ఎవరో చెబుతారు. డాబిగాట్రాన్, అపిక్సాబాన్ రెండింటినీ మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ల మీద పరీక్షించి, ఫలితాలు బాగాలేక అధ్యయనాలు మధ్యలోనే ఆపేశారు. వాటి జోలికి వెళ్లొద్దు.

తిండి విషయంలో ‘ఆకుకూరలు పూర్తిగా మానేయండి’ అన్న సలహా చాలా ఆసుపత్రుల్లో ఇంకా వినిపిస్తుంది. పేదింటికి ఈ సలహా చేసే చెడు ఇంతా అంతా కాదు. చేనుగట్టు మీద దొరికే తోటకూర, గోంగూర, మునగాకు మానేస్తే పళ్లెంలో మిగిలేది అన్నం, పచ్చడి. రక్తహీనత ముదురుతుంది, పైగా ఏ పెళ్లిలోనో ఒకపూట గోంగూర తింటే ఐఎన్‌ఆర్ ఊగుతుంది. ఆకుకూరల్లో ఉండే కె విటమిన్ ఈ మందుకు విరుగుడులా పనిచేస్తుంది, నిజమే. కానీ కావాల్సింది నిలకడ. వారానికి రెండు మూడుసార్లు, ఇంచుమించు ఒకే పరిమాణంలో తింటూ ఉంటే డోసు దానికి తగ్గట్టు కుదురుకుంటుంది. కార్తీక సోమవారాలు, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలకు తిండి తగ్గితే ఐఎన్‌ఆర్ పెరగొచ్చు, ముందే చెప్పి ఉండండి. కామెర్లకో నడుంనొప్పికో పోసే పసరు మందు మాత్రం ముట్టుకోవద్దు.

ఆర్‌ఎంపీ సంగతి. ఊళ్లో రాత్రి పదింటికి తలుపు తీసేది ఆయనొక్కడే, ఆయన దగ్గరికి వెళ్లొద్దంటే జరిగే పని కాదు. వెళ్లినప్పుడు ఈ మూడు చెప్పండి. ఒకటి, పిర్రకు సూది వద్దు, లోపల రక్తం గడ్డలా పేరుకుంటుంది. రెండు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వద్దు, జ్వరానికీ నొప్పికీ రెండు మూడు రోజులు పారాసిటమాల్ చాలు. మూడు, విరేచనాలకిచ్చే మెట్రోనిడజోల్, యూరిన్ మంటకు కో-ట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, తెల్లబట్టకు ఫ్లుకోనజోల్ ఐఎన్‌ఆర్‌ను పెంచుతాయి. ఎరిత్రోమైసిన్ జాతి యాంటీబయాటిక్స్ కూడా అంతే. వాడక తప్పకపోతే మూడో రోజు, ఐదో రోజు టెస్టు చేయించాలి. టీబీ కోర్సులోని రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎసిట్రోమ్ రెండు మూడు రెట్లు పెంచితే గాని హద్దులోకి రాకపోవచ్చు, కోర్సు అయిపోయాక తగ్గించడం మర్చిపోతే రక్తస్రావం.

ఐఎన్‌ఆర్ 5 వచ్చింది, ఎక్కడా రక్తం కారడం లేదు అంటే కంగారుపడి కె విటమిన్ సూది వేయించొద్దు. ఆ రాత్రి మాత్ర ఆపి డాక్టరుకు ఫోను చేయండి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ టెస్టు. పెద్ద మోతాదు కె విటమిన్ ఒంట్లో పడితే ఆ తర్వాత కొన్ని రోజులు ఎసిట్రోమ్ ఎక్కదు, ఆలోపు వాల్వ్ మీద గడ్డ కడుతుంది. అదే నల్లటి విరేచనం, ఆగని ముక్కురక్తం, తలకు దెబ్బ తగలడం, భరించలేని తలనొప్పి అయితే ఫోన్లతో కాలయాపన వద్దు, 108 పిలిచి పెద్దాసుపత్రికి.

వయసు 24 కాబట్టి గర్భం సంగతి ఇప్పుడే మాట్లాడాలి. పెళ్లైన ఆడపిల్లల్లో చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడే. ఈ మాత్ర గర్భం ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య బిడ్డకు లోపాలు తెచ్చే అవకాశం ఉంది, వార్ఫ్ రోజుకు 5 మి.గ్రా. దాటితే మరీ. అలాగని ఎవరో చెప్పారని మాత్ర ఆపేస్తే తల్లి వాల్వ్ మూసుకుపోతుంది. మధ్యేమార్గాలున్నాయి: తొలి నెలల్లో రక్తం పలచబరిచే హెపారిన్ సూదులకు మారడం, చివర్లో కాన్పుకు ముందు మళ్లీ మారడం. అవన్నీ గుండె డాక్టరూ కాన్పు డాక్టరూ ఉన్న పెద్దాసుపత్రిలో, ముందే అనుకుని చేయాల్సినవి. నెలసరి వారం తప్పితే ఇంట్లోనే పరీక్ష చేసుకుని, పాజిటివ్ అయితే ఆ రెండు మూడు రోజుల్లోనే గుంటూరు వెళ్లాలి. గర్భం ఇప్పుడే వద్దనుకుంటే మాల-ఎన్, మాల-డి లాంటి ఈస్ట్రోజెన్ మాత్రలు వద్దు, అవి గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. మిగతా పద్ధతుల్లో ఏది నప్పుతుందో డాక్టరును అడగాలి. నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం కూడా ఈ మందుతో మామూలే, హిమోగ్లోబిన్ ఆరు నెలలకోసారి చూపించి ఐరన్ మాత్రలు వాడాలి. ఈ విషయాలు అత్తింట్లో దాచి పెట్టడం వల్ల జరిగే నష్టం మందు వల్ల జరిగేదానికన్నా ఎక్కువ.

ఈ వయసులో మెటల్ ఎందుకు, టిష్యూ వాల్వ్ వేస్తే ఈ మాత్రల గోల ఉండదు కదా అంటారేమో. పశువు కణజాలంతో చేసిన ఆ వాల్వ్ చిన్న వయసువాళ్లలో త్వరగా పాడవుతుంది, పదేళ్లకో అంతకు ముందో మళ్లీ గుండె తెరవాలి. అందుకే మెటల్ వేస్తారు, వైద్యపరంగా సబబే. ‘మీ ఊళ్లో ఐఎన్‌ఆర్ ఎక్కడ చేయిస్తారు, పిల్లలు పుట్టారా’ అన్న రెండు ప్రశ్నలు మాత్రం ఆపరేషన్‌కు ముందు అడగాలి. రద్దీలో ఎక్కడా అడగరు. జవాబు ‘తెలియదు’ అయితే నిర్ణయం మారాల్సిన కేసులు తప్పకుండా ఉంటాయి.

కీళ్లవాతం జ్వరం మళ్లీ రాకుండా వేసే పెనిసిలిన్ సూది, పెనిడ్యూర్ సంగతి కూడా కనుక్కోండి. వాల్వ్ మార్చేశారు కదా అని ఆపేస్తుంటారు. మార్చింది ఒక వాల్వ్‌ను, మళ్లీ కీళ్లవాతం జ్వరం వస్తే మిగతావాటికి, గుండె కండకు దెబ్బ. పెద్దవాళ్లకు 12 లక్షల యూనిట్లు, 21 రోజులకోసారి, నలభై ఏళ్ల వయసు దాకా లేదా జీవితాంతం. పిర్రకు సూది వద్దని పైన చెప్పి ఇప్పుడు ఇదేమిటంటారా? ఈ ఒక్కదానికి లెక్క వేరు. ఐఎన్‌ఆర్ హద్దులో ఉందని చూసుకుని ఆసుపత్రిలో వేయించి, పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. కుదరకపోతే రోజుకు రెండుసార్లు పెనిసిలిన్ మాత్రలకు మారుస్తారు.

పన్ను పీకించే ముందు వాల్వ్ ఉందని చెప్పి, గంట ముందు అమాక్సిసిలిన్ 500 మి.గ్రా. క్యాప్సూల్స్ నాలుగు ఒకేసారి వేసుకోవాలి. పెనిసిలిన్ పడనివాళ్లకు, అప్పటికే పెనిసిలిన్ మాత్రలు వాడుతున్నవాళ్లకు వేరే మందు రాస్తారు. ‘ఐదు రోజులు ఎసిట్రోమ్ ఆపి రా’ అని పళ్ల డాక్టరు అంటే గుండె డాక్టరుతో మాట్లాడకుండా ఆపొద్దు. మూడు రోజులు దాటిన ఏ జ్వరానికైనా, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, పెద్దాసుపత్రిలో బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) చేయించాలి. ముందే రెండు డోసులు పడితే కల్చర్లో క్రిమి దొరక్కపోవచ్చు, చికిత్స గుడ్డెద్దు చేలో పడ్డట్టవుతుంది.

రాత్రి ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పక్కన పడుకున్నవాళ్లకు మెటల్ వాల్వ్ టిక్ టిక్ మని వినిపిస్తుంది. మొదట్లో భయపడతారు, తర్వాత అలవాటైపోతుంది. ఆ చప్పుడు మందగించినా, ఆగినట్టున్నా, తోడుగా ఆయాసం ఉంటే ఆ రాత్రే బయల్దేరండి. వాల్వ్ ఇరుక్కుంటే గడ్డ కరిగించే మందుతోనో మళ్లీ ఆపరేషన్‌తోనో కాపాడే వీలుంది, కానీ గంటల లెక్కే. మూతి వంకరపోవడం, చెయ్యి లేవకపోవడం, మాట తడబడడం కూడా అంతే.

పనికి ఎప్పుడు పంపాలి అన్నారు. కోసిన రొమ్ము ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అప్పటిదాకా ఐదు కిలోలు మించి ఎత్తకూడదు, అంటే నీళ్ల బిందె వద్దు. కూలి పనికి మూడు నెలల తర్వాత, డాక్టరు చూసి సరేనంటేనే.

డిశ్చార్జి అప్పుడు వాల్వ్ కార్డు ఇచ్చి ఉంటారు. కంపెనీ, సైజు, నంబరు ఉంటాయి, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఫొటో తీసి పెట్టండి. ఆసుపత్రిలో పథకం డెస్కు దగ్గర రోగులకు సాయపడే ఉద్యోగిని (మిత్ర అంటారు) ఫాలో అప్ కింద మందులు, పరీక్షలు ఎన్ని నెలలు, ఏ తేదీల్లో వస్తాయో అడిగి రాయించుకోండి. ఆ తేదీల్లో వెళ్లకపోతే ఎవరూ ఇంటికొచ్చి ఇవ్వరు. ఇబ్బంది పెడితే 104కు ఫోను చేయొచ్చు.

ఇంకొకటి మీరు అడగలేదు. ఆ ఇంట్లో ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లలున్నారా? కీళ్లవాతం జ్వరం గొంతునొప్పితో మొదలవుతుంది, ఇరుకు గదిలో ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. గొంతునొప్పితో జ్వరం వస్తే డాక్టరుకు చూపించి, పెనిసిలిన్ రాస్తే పది రోజులూ పూర్తిగా వాడించండి, లేదా ఒక్క పెనిడ్యూర్ సూది. ఎవరికైనా కీళ్లు ఒకదాని తర్వాత ఒకటి వాచి ఉన్నా, మెట్లెక్కితే ఆయాసపడుతున్నా, ఈసారి గుంటూరు వెళ్లేటప్పుడు వాళ్లను కూడా తీసుకెళ్లి ఒక ఎకో తీయించండి.